మంచి వైపు వీధికి

సెప్టెంబర్ 9, మంగళవారం

పొద్దున వీధి తలుపు తీస్తే దాని మీద నారింజ రంగు కాయితం అంటించి ఉంది. టౌన్ ఆఫీసు నోటీసు. మా మోటార్ హోమ్, అంటే లోపలే పడకా పొయ్యీ ఉన్న పెద్ద బండి, ఇంటి ముందు గోడ వరస దాటి వీధి వైపుకి నిలబడి ఉందట. ముప్పై రోజుల్లో దాన్ని తీసేయాలట. లేకపోతే ఇంటి పక్కకి జరిపి, వీధికి కనపడకుండా ఆరడుగుల కంచె కట్టాలట. పన్నెండో సెక్షన్ ప్రకారం.

పన్నెండో సెక్షన్ ఏం చెబుతుందో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆర్డెన్ స్టెంబర్గ్ అనే నేనే దాన్ని రాశాను. పదహారేళ్ల కిందట, ఊరి నిబంధనలు రాసే ప్లానింగ్ కమిషన్‌లో ఉన్నప్పుడు, మా వంటింటి బల్ల మీద కూర్చుని రాశాను. ఏ మాట తరవాత ఏ మాట వస్తుందో ఇప్పటికీ నోటికి వచ్చు. ఇప్పుడు ఈ నోట్‌బుక్ కూడా కమిషన్ రోజుల్లో మిగిలిపోయిందే. మీటింగుల్లో చివరి వరసలో కూర్చుని అన్నీ రాసుకునే అలవాటు ఇంకా పోలేదు.

ఎవరు ఫిర్యాదు చేశారో నోటీసులో లేదు. అవసరం కూడా లేదు. ఎదురింటి డెల్మర్ వోక్ తప్ప ఇంకెవరు.

మా ఆవిడ మార్లిస్‌కి చూపించాను. బండి మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతోంది. చదివి, మడిచి తిరిగి ఇచ్చేసింది. జూన్ నుంచి తను బండిలోనే పడుకుంటోంది. నా గురక వల్ల. బండిలో పరుపు కూడా నడుముకి మంచిదట.

సెప్టెంబర్ 10, బుధవారం

డెల్మర్ చెత్తడబ్బా బయటపెడుతూ కనిపించాడు. చెయ్యి ఊపలేదు. నేనూ ఊపలేదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

టౌన్ ఆఫీసుకి వెళ్లాను. నిబంధనలు చూసే పని ఇప్పుడు కెండ్రాది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వాళ్ల నాన్న, నేను ఒకే గరాజులో స్కూలు బస్సులు బాగుచేసేవాళ్లం. మార్లిస్ స్కూలు లైబ్రరీలో ఉన్నప్పుడు ఈ పిల్ల మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అక్కడికే పరిగెత్తేదట. అందుకే కాబోలు, నాతో మాట్లాడుతున్నంతసేపూ బల్ల మీద పెన్నులు సర్దుతూనే ఉంది.

నా నిబంధన నాకే చదివి వినిపించింది. బండిని ఇంటి పక్కకి జరపాలి. చుట్టూ సందు లేని చెక్క కంచె, ఆరడుగుల ఎత్తు. కంచె మంచి వైపు బయటికి, అంటే వీధికీ పక్కింటివాళ్లకీ కనిపించేలా ఉండాలి. గుంజలూ అడ్డపట్టెలూ లోపలికి ఉండాలి. తరవాత గొంతు తగ్గించి, బండిలో ఎవరైనా ఏడాదికి పద్నాలుగు రోజులు మించి ఉండకూడదన్న మాట కూడా ఉందని గుర్తుచేసింది.

అందులో ఎవరూ ఉండటం లేదని చెప్పాను. పడుకుంటుంది, అంతే. వంట ఇంట్లోనే. వంట ఇంట్లో అన్నది పూర్తిగా నిజం కాదు, కానీ ఆదివారాలు ఇంట్లోనే తింటాం.

ఫిర్యాదు కాయితం చూస్తారా అని అడిగింది. దరఖాస్తు రాసిస్తే ఎవరైనా చూడొచ్చు. అది కూడా నేను పెట్టిన నియమమే. ఫిర్యాదు చేసేవాడు పేరు రాయాలి, పేరు దాచకూడదు అని ఆ రోజుల్లో కమిషన్‌లో గంటసేపు వాదించాను. అక్కర్లేదన్నాను. ఎవరో నాకు తెలుసు.

“మీకు తెలుసాండీ?” అంది కెండ్రా.

“పదహారేళ్లుగా తెలుసు,” అన్నాను.

ఇంకేదో అనబోయి, ఫోను మోగితే అటు తిరిగింది.

డెల్మర్ సంగతి ఇక్కడ రాసి పెడతాను. తొంభై ఏడులో అతను ఒక పాత స్కూలు బస్సు కొని, తన వాకిట్లో పెట్టుకుని, లోపల మంచాలూ పొయ్యీ బిగించుకుంటూ ఉండేవాడు. ఏడాదిన్నర అయినా పూర్తికాలేదు. వీధిలో అందరికీ కంటగింపుగా ఉండేది. అందరికీ అంటే కొంతమందికి. అప్పుడే పన్నెండో సెక్షన్ వచ్చింది. కంచె కట్టుకునే స్తోమత లేక బస్సు అమ్మేశాడు. వాళ్లావిడ ఐయోన్ మరుసటి వసంతంలో పోయింది. ఆమెకి జబ్బని కమిషన్‌కి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆలోచించేవాళ్లం.

సెప్టెంబర్ 14, ఆదివారం

మార్లిస్ పన్నెండింటికి భోజనానికి వచ్చింది. వెనక తలుపు తట్టింది. నలభై మూడేళ్లు తనదే అయిన వంటింటి తలుపుని తట్టి, నేను రమ్మనేదాకా బయట నిలబడింది. తలుపు తీసే ఉందన్నాను. ఉందని తెలుసంది.

కీమాతో మీట్‌లోఫ్ నేనే చేశాను. కాస్త మాడింది. నోటీసు మీద టౌన్ కౌన్సిల్‌కి వెళ్తానని, ఆరేళ్లు ఊరుకుని ఇప్పుడు లేవడం చెల్లదని, పాత బండ్లకి మినహాయింపు అడుగుతానని చెప్పుకుంటూ పోయాను. తను మొక్కజొన్న పొత్తు మీద వెన్న రాసుకుంటూ విన్నది.

“గొడవెందుకు ఆర్డెన్, తీసేస్తే పోలా,” అంది.

ఎక్కడికి తీస్తామన్నాను.

“దక్షిణానికి. దాన్ని కొన్నది అందుకేగా.”

అప్పుడు చెప్పింది. అక్టోబర్ పదికల్లా రాత్రిళ్లు గడ్డకడుతుంది, బండిలో నీళ్ల గొట్టాలు పగిలిపోతాయి, ఈలోపే వెళ్లిపోవాలి. పదో తారీకు శుక్రవారం పొద్దున తొమ్మిదికి బయల్దేరుతుందట.

“నువ్వొస్తే కుడివైపు సీటు నీది. రాకపోతే నేనొక్కదాన్నే పోతా. నేను ఊరికే అనడం లేదు.”

నిజానికి మార్లిస్ ఊరికే అనే మనిషి కాదు. కానీ డెబ్భై ఏళ్ల మనిషి, ముప్పై అడుగుల బండి. తను అలా అనుకోవడం వేరు, చేయడం వేరు.

బండి కొని ఆరేళ్లు. మొత్తం తిరిగింది రెండు వందల పన్నెండు మైళ్లు. మొదటి వేసవి ఇంటి కప్పు మార్చాల్సి వచ్చింది. రెండోసారి వాననీటి గొట్టాలు. తరవాత కమిషన్‌లో ఇంకో దఫా ఉండమన్నారు. తరవాత నా మోకాలు. ఇవన్నీ నేను కల్పించినవి కాదు.

సెప్టెంబర్ 17, బుధవారం

బండిని ఇంటి పక్కకి జరిపాం. జరిపింది తనే. నేను వెనక నిలబడి చేతులూపాను. గోడకి అడుగున్నర దూరంలో, ఒక్క దెబ్బలో, గీత గీసినట్టు నిలిపింది.

ఎక్కడ నేర్చుకున్నావన్నాను. ఆదివారాలు నేను చర్చి తరవాత కాఫీకి కూర్చునే గంటలో, స్కూలు బస్సులు నిలిపే మైదానంలో నేర్చుకుందట. రెండేళ్లుగా. మరి మైళ్ల లెక్క పెరగలేదే అన్నాను. వెనక్కి నడిపితే ఆ లెక్క పెరగదు, ఎక్కువగా వెనక్కే నడిపాను అని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. నేనూ నవ్వాను.

కంచె కడతాను. అదే మంచిది. నిబంధన తీరుతుంది, డెల్మర్ నోరు మూతపడుతుంది, బండి ఇక్కడే ఉంటుంది.

సెప్టెంబర్ 21, ఆదివారం

అక్టోబర్ మొదటి వారంలోనే మంచు పడొచ్చని రేడియోలో చెప్పారు. మంచిదే. చలి ముదిరితే ఇంట్లోకి రాక ఏం చేస్తుంది? పెద్ద పడకగది కిటికీ సందులకి పట్టీలు అంటించాను. తన వైపు దిండుకి గలీబు మార్చాను.

సెప్టెంబర్ 27, శనివారం

ఈ వారమంతా గుంటలు. మా వైపు నేల మూడున్నర అడుగుల లోతు దాకా గడ్డకడుతుంది, కాబట్టి గుంజ అంతకన్నా లోతుకి దిగాలి. లేకపోతే వసంతానికి మంచు దాన్ని పైకి నెట్టేస్తుంది. కంచె వాలిపోయిన ఇళ్లన్నీ ఈ సంగతి తెలియనివాళ్లవే. మర అద్దెకి తెచ్చుకుని ఇరవై గుంటలు తవ్వాను. ప్రతి గుంజకీ రెండు సంచుల కాంక్రీటు. మోకాలు వాచింది గానీ పని హాయిగా ఉంది. ఇన్నేళ్ల తరవాత నా చేతికి సరిపడే పని దొరికింది.

పలకలు తయారుగా వస్తాయి, ఒక్కోటి ఎనిమిది అడుగుల వెడల్పు. కాబట్టి గుంజలు కూడా ఎనిమిదేసి అడుగులకి పాతాను, చుట్టూ వరసగా, ముందు వైపు కూడా. వరస ఎంత తిన్నగా వచ్చిందంటే ఒక చివర కన్ను పెట్టి చూస్తే మిగతా గుంజలు కనపడవు. మార్లిస్ కిటికీ తెరలోంచి చూస్తోంది. చెయ్యి ఊపాను. గేటు సంగతి తరవాత చూద్దాం.

అక్టోబర్ 2, గురువారం

కంచె పూర్తయింది. ఒక్క పలక తప్ప మొత్తం బిగించాను, ముందు వైపు మధ్య పలక మాత్రం మనిషి వెళ్లడానికి వదిలాను. వీధిలో నిలబడి చూశాను. తేనె రంగు చెక్క, ఒక్క మేకు తల కూడా పైకి లేచి లేదు. పోస్టు వేసే అమ్మాయి కూడా ఆగి బావుందంది.

మార్లిస్ బండి దిగి లోపల నిలబడి చుట్టూ చూసింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను, ఇందులో అబద్ధమెందుకు. లోపలి వైపు అంతా గుంజలు, అడ్డపట్టెలు, మేకు మొనలు, గుంజల చుట్టూ ఒలికిపోయిన కాంక్రీటు. తను ఒక అడ్డపట్టె మీద చెయ్యి వేసింది.

“మంచి మొహం వీధికి, ఎముకలు నాకు. ఇల్లు కూడా ఇలాగే నడిపావు ఆర్డెన్.”

నిబంధన అలా ఉందన్నాను.

“తెలుసు. నువ్వు రాస్తుంటే పక్కనే బఠానీలు వలుస్తున్నా.”

తరవాత ముందు వైపుకి నడిచింది. వదిలిన ఖాళీకి అటూ ఇటూ ఉన్న గుంజల్ని చూసింది. రెండు చేతులూ చాచి కొలిచింది. మళ్లీ బండి దగ్గరికి వెళ్లి, ముందు అద్దాల మధ్య చేతులు చాచి కొలిచింది. ఖాళీ ఎనిమిది అడుగులు. అద్దాలతో కలిపి బండి పది.

“నేనెట్లా బయటికి పోవాలి?” అంది.

నేను కొలత పొరపాటన్నాను. పలకలు ఎనిమిది అడుగులవి వస్తాయి, అందుకని గుంజలు కూడా అలా పడిపోయాయి, గేటు గురించి ఆలోచించలేదు, తరవాత చూద్దామనుకున్నాను. నలభై ఏళ్లు బస్సులు గరాజులోకి ఎక్కించి దింపినవాణ్ని. బండి వెడల్పు నాకు తెలియదా అని తను అడగలేదు. బండెక్కి తలుపు వేసుకుంది, కిటికీ తెర కూడా లాగేసింది.

పొరపాటే. అలసటలో ఎవరికైనా జరుగుతుంది.

అక్టోబర్ 5, ఆదివారం

భోజనానికి రాలేదు. టూనా, నూడుల్స్ కలిపి చేసి గిన్నెతో తీసుకెళ్లి బండి తలుపు తట్టాను. ఇప్పుడు తట్టేది నేను. తియ్యలేదు. మెట్టు మీద పెట్టి వచ్చాను.

సాయంత్రానికి గిన్నె కడిగి మా వెనక గుమ్మంలో పెట్టి ఉంది.

అక్టోబర్ 6, సోమవారం

ఫిర్యాదు కాయితం చూశాను.

అక్టోబర్ 7, మంగళవారం

నిన్న రాయలేకపోయాను.

కడుపు మండి వెళ్లాను. డెల్మర్ వల్లే ఇదంతా, వాడు ఆ కాయితం రాయకపోతే కంచె లేదు, గొడవ లేదు, మార్లిస్ ఆదివారం వంటింట్లో కూర్చుని తినేది. వాడి కట్టెల కుప్ప పక్కింటి హద్దుకి రెండడుగుల్లోపలే ఉంది, దాని మీద నేనూ ఒక ఫిర్యాదు పడేద్దామని టేపు పట్టుకుని కొలిచి మరీ వెళ్లాను. దానితోపాటు వాడి కాయితం కూడా చూపించమన్నాను.

కెండ్రా లేవలేదు. “చూడకపోతేనే నయమేమోనండి,” అంది. నా నియమం నాకు చెప్పకు, దరఖాస్తు ఇదిగో అన్నాను. లేచి సొరుగులోంచి తీసి నా ముందు పెట్టి, కాఫీ తెస్తానని వెళ్లిపోయింది. కాఫీ పాత్ర తన వెనకే ఉంది.

అచ్చు అక్షరాల్లాంటి దస్తూరి. లైబ్రరీ కార్డుల మీద ముప్పై ఏళ్లు రాసిన దస్తూరి. పేరు: మార్లిస్ స్టెంబర్గ్. చిరునామా: మాదే. వాహనం ఎంతకాలంగా అక్కడ ఉంది: ఆరేళ్లు. దానివల్ల మీకు కలుగుతున్న ఇబ్బంది: వయసైపోతోంది. మీరు ఏం చేయమని కోరుతున్నారు: బండి కదలాలి.

ఆ ప్రశ్నలు కూడా నేను రాసినవే. చివరి ప్రశ్నకి మూడు గీతలు పెట్టించాను, జనం ఎక్కువ రాస్తారని. తను రెండు మాటలే రాసింది, మిగతా ఖాళీ.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కెండ్రా వచ్చి పక్కన నిలబడింది. ఆ రోజు మేడమ్ ఒకే మాటన్నారంది. “మా ఆయనకి నోటితో చెబితే ఎక్కదు తల్లీ, టౌన్ ఆఫీసు నుంచి కాయితం వెళ్తే తప్పకుండా చదువుతాడు, అన్నారండి.”

చదివాను. ప్రతి అక్షరం చదివాను. చదివి కంచె కట్టాను.

గురక కాదు. నాకు జూన్‌లోనే తెలుసు, గురక కాదని. కొలత కూడా పొరపాటు కాదు. గుంజ పాతేముందు అక్కడ నిలబడి బండి వంక చూశాను, అద్దాల వంక చూశాను, చూసి కాంక్రీటు పోశాను. ఇది చదివేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను. తను వెళ్లిపోతుందని భయం. అది తప్ప ఇంకేమీ కాదు.

అక్టోబర్ 8, బుధవారం

పొద్దున్నే ముందు వైపు ఖాళీ పక్కన ఉన్న పలక కూడా విప్పి, మధ్య గుంజ తీయడానికి దిగాను. నాలుగడుగుల లోతున రెండు సంచుల కాంక్రీటు. నేను పోసిందే, గట్టిగా పోశాను. గడ్డపారతో గంటసేపు కుళ్లబొడిచినా గుంజ కదల్లేదు, మోకాలు మాత్రం పట్టేసింది. కింద కూర్చుండిపోయాను.

డెల్మర్ వీధి దాటి వచ్చాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని కాసేపు చూశాడు.

“రాసింది నేనే అనుకున్నావు కదూ?”

అవునన్నాను.

“రాద్దామని కాయితం తెచ్చుకున్నాలే. మీ ఆవిడ అప్పటికే వరసలో నా ముందు నిలబడి ఉంది,” అన్నాడు. నిజమో వేళాకోళమో వాడి మొహంలో తెలియదు, ఎప్పుడూ అంతే.

వెళ్లి పికప్పు తెచ్చి, గుంజకి గొలుసు కట్టి లాగాడు. కాంక్రీటు ముద్దతో సహా పన్ను ఊడినట్టు ఊడి వచ్చింది. మార్లిస్ తలుపు తీసి మెట్టు మీద నిలబడి చూసింది. డెల్మర్ ఆమెకి టోపీ ఎత్తాడు.

గొలుసు చుట్టుకుంటూ, నా వంక చూడకుండా చెప్పాడు. “ఐయోన్ సముద్రం చూస్తానంది. అంతకన్నా ఏం అడగలేదు. ఆ బస్సు ఇంకో నెలకి తయారయ్యేది.”

నాకు తెలియదన్నాను. అతను తల ఊపాడు. నిజం చెప్పాలంటే ఆమె తలకి గుడ్డ కట్టుకుని బస్సు కిటికీలకి తెరలు కుడుతూ ఉండటం నేను చూశాను. రెండు మూడుసార్లు చూశాను. ఆ మాట డెల్మర్‌కి చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. గుంజ ఎక్కడ పడేయమంటావని అడిగితే గరాజు వెనకాల అన్నాను.

అక్టోబర్ 10, శుక్రవారం

తొమ్మిదికి బయల్దేరింది. అన్నట్టే.

ఎనిమిదిన్నరకి వచ్చి వంటింటి తలుపు తట్టకుండా లోపలికి వచ్చింది. నేను పెట్టె సర్దుకోలేదు. బల్ల మీద చెయ్యి వేసి నిలబడి, వస్తున్నావా అని అడిగింది. పదహారున కెండ్రా తనిఖీకి వస్తుంది, ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాను. బండే లేకపోతే తనిఖీ దేనికంది. గుంట తెరిచి ఉంది, ఎవరైనా పడతారు, దాన్ని పూడ్చాలి అన్నాను. తను దగ్గరికి వచ్చి నా చొక్కా కాలరు సరిచేసింది.

అద్దాలు ఎక్కడా తగలకుండా బండి తిన్నగా బయటికి వచ్చింది. నేను వెనక నిలబడి చేతులూపాను. అక్కర్లేకపోయినా ఊపాను. వీధిలోకి వచ్చాక ఆపింది. ఇంజను ఆపలేదు. కుడివైపు తలుపు గడియ తీసిన చప్పుడు నాకు వినిపించింది.

ఇంటి ముందు వీధిలో ఇలాంటి బండి ఇరవై నిమిషాలు మించి నిలపకూడదు. ఎక్కించడానికీ దించడానికీ అంతే గడువు. అదీ పన్నెండో సెక్షనే, ఆరో భాగం. తను ఇరవై నిమిషాలూ బండి నిలిపే ఉంచింది. నేను గడ్డి మీద పార పట్టుకుని నిలబడి గడియారం చూశాను. కాళ్లు కదల్లేదు. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు. ఇరవై నిమిషాలు నిండగానే వెళ్లింది, మలుపు దగ్గర సిగ్నలు వేసి మరీ తిరిగింది.

అక్టోబర్ 11, శనివారం

గుంట పూడ్చాను.

అక్టోబర్ 13, సోమవారం

బాగా గడ్డకట్టింది. కిటికీ సందులకి పట్టీలు బాగా పట్టాయి, పడకగదిలోకి పిసరు గాలి కూడా రావడం లేదు.

అక్టోబర్ 16, గురువారం

కెండ్రా వచ్చింది. కంచె ఎత్తు కొలిచింది, సందులు చూసింది, మంచి వైపు బయటికే ఉందని రాసుకుంది. ఊళ్లో ఇంత చక్కటి కంచె ఇంకోటి లేదంది. లోపలికి తొంగిచూసి, బండెక్కడుందండీ అంది.

“కదిలింది,” అన్నాను.

పెన్ను ఆపి నా వంక చూసింది. తరవాత కాయితం మీద చిన్న గళ్లలో ఒకదానికి టిక్కు పెట్టి, కింద సంతకం పెట్టించుకుంది. ఫిర్యాదు పరిష్కారమైంది అని అచ్చు వేసి ఉంది. వెళ్తూ, మేడమ్‌ని అడిగానని చెప్పండి అంది. చెబుతానన్నాను. తను ఎక్కడుందో తెలిస్తేగా.

అక్టోబర్ 18, శనివారం

కంచె తిప్పుతున్నాను.

ఒక్కో పలకా విప్పి, తిరగేసి, మళ్లీ బిగించాలి. మంచి వైపు లోపలికి, ఎముకలు వీధికి. మొత్తం పదిహేడు పలకలు. ముందు వైపు ఖాళీలో మాత్రం పలకలు ఉండవు, అక్కడ పదహారు అడుగుల గేటు, రెండు వైపులకీ తెరుచుకునేది పెడతాను. తను వచ్చి కిటికీ తెర తీస్తే ఈసారి మేకులు కనపడకూడదు.

డెల్మర్ వచ్చి కాసేపు చూశాడు. ఇది నిబంధనకి విరుద్ధం కాదూ అన్నాడు. పన్నెండు, మూడో భాగం, విరుద్ధమే అన్నాను. పోనీ నేనొక కాయితం పడేయనా అన్నాడు. నీ ఇష్టం, పేరు మాత్రం రాయాలి అన్నాను. వాడు వెళ్లలేదు. రెండో చివర పట్టుకున్నాడు. ఆ ఒక్క పలక ఇద్దరం బిగించాక, ఐయోన్ తలగుడ్డ, కిటికీ తెరలు నేను చూశానని చెప్పాను. చూసే పన్నెండో సెక్షన్‌కి ఓటు వేశానని చెప్పాను.

అతను చేతిలో మిగిలిన మేకులు డబ్బాలో వేశాడు. “నువ్వు చూడటం ఆమె కూడా చూసిందిలే,” అన్నాడు చివరికి. ఇంటికి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. అరగంటలో సుత్తి తీసుకుని వచ్చాడు.

అక్టోబర్ 21, మంగళవారం

మార్లిస్ ఫోన్ చేసింది. టెక్సస్ తీరంలో ఉందట, నీళ్లకి నూరు గజాల దూరంలో బండి నిలిపిందట. నవంబర్ రెండు దాకా అక్కడే చోటు తీసుకుందట. పన్నెండు వందల మైళ్లు. ఎంతసేపూ మైళ్ల గురించి, నూనె మార్పించావా, టైర్లలో గాలి చూశావా అనే అడిగాను. అన్నిటికీ చూశానంది.

“సముద్రం రాత్రంతా గురక పెడుతోంది ఆర్డెన్. నీకన్నా ఎక్కువ. నాకు మాత్రం ఎంత బాగా నిద్ర పడుతోందో.”

నేను ఫోను రెండో చెవికి మార్చాను.

కుడివైపు అద్దం పగిలిందట, పెట్రోలు బంకులో స్తంభానికి తగిలి. స్టీరింగు ఎడమకి ఇంకాస్త కొట్టాల్సింది అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను.

“అవును. ఆ పక్కన ఎవరైనా కూర్చుని చెబితే కొట్టేదాన్నే,” అంది.

ఏం చేస్తున్నావని అడిగితే, కంచె తిప్పుతున్నానని చెప్పాను. ఎటు అంది. మంచి వైపు లోపలికి అన్నాను. ఫోన్ తెగిపోయిందనుకున్నాను. తరవాత, ఎన్ని పలకలు మిగిలాయని అడిగింది. పదకొండు అన్నాను. సరే, చూసుకో అని పెట్టేసింది.

అక్టోబర్ 23, గురువారం

ఎనిమిది మిగిలాయి. రోజుకి రెండేసి చేస్తే సోమవారానికి అయిపోతుంది. తరవాత గేటు. గేటుకి ఇనుప పట్టీలు తేవాలి, అవి వచ్చేసరికి వారం. అప్పటికి నవంబర్ రెండు.

అక్టోబర్ 24, శుక్రవారం

డెల్మర్ పికప్పు వాకిట్లో ఉంది, హారన్ రెండుసార్లు కొట్టాడు. డెమొయిన్ నగరంలో పదకొండున్నరకి టెక్సస్ బస్సు. పెట్టెలో నాలుగు చొక్కాలు, మోకాలి పట్టీ, కుడివైపు అద్దం. నిన్న సాయంత్రం విడిభాగాల దుకాణంలో దొరికింది, తువ్వాలులో చుట్టాను.

ఎనిమిది పలకలు తిప్పలేదు. సగం కంచె ఇటు, సగం అటు. ముందు వైపు గేటు లేకుండా తెరిచే ఉంది. సుత్తి గడ్డిలోనే ఉంది. పన్నెండో సెక్షన్‌లో కనీసం మూడు భాగాలకి ఇది విరుద్ధం, ఏవేవో చెప్పగలను. ఇలాంటి పని సగంలో వదిలేసి నేను ఎప్పుడూ ఇల్లు కదల్లేదు.

కెండ్రా సోమవారం ఈ వీధిలో తిరుగుతుంది. నోటీసు తప్పకుండా అంటిస్తుంది, అంటించాలి కూడా. చదవడానికి ఇంట్లో ఎవరూ ఉండరు.